విక్కన్ అని తోటి విద్యార్థులకు చెప్పాలా, వద్దా? నిర్ణయించుకునే క్రమం, చెప్పే పద్ధతి

ప్రకృతిని ఆరాధించే ఆధునిక మతమైన విక్కాను ఆచరిస్తున్న విద్యార్థులు (విక్కన్లు) తరచుగా అడిగే ప్రశ్న "మా తరగతిలో ఈ విషయం ఎలా చెప్పాలి?" అన్నది. నిజానికి అది నాలుగో ప్రశ్న. దానికి ముందు ఎందుకు చెప్పాలి, ఎవరికి చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి అన్న మూడు ప్రశ్నలున్నాయి. ఈ మూడింటినీ దాటవేసి నేరుగా నాలుగోదాని దగ్గరకు వెళ్లినవారే ఎక్కువగా ఇబ్బందుల పాలవుతున్నారు. అందుకే ఇక్కడ అడుగులను ఆ వరుసలోనే ఇస్తున్నాను. తొందరగా ఉన్నా వరుస తప్పకుండా చదవమని మనవి.

చెప్పకపోవడం అబద్ధమాడటం కాదన్న సంగతి మొదటే గుర్తుంచుకోండి. విక్కాలోని దీక్షా సంప్రదాయాల్లో తోటి సభ్యుల పేర్లు బయటపెట్టకపోవడం ప్రమాణంలో భాగంగానే ఉంటుంది. మౌనంగా ఉన్నంత మాత్రాన మీ విశ్వాసానికి ద్రోహం చేసినట్టు కాదు. ఆ అపరాధభావంతో ఎవరికైనా చెప్పబోతున్నట్లయితే కొద్ది రోజులు ఆగండి.

1. ముందు మీ దగ్గర స్పష్టత ఉండాలి

రెండు వారాల క్రితం ఒక పుస్తకం చదివి ఆకర్షితులైన స్థితికీ, ఏడాదిగా పండుగలు పాటిస్తున్న స్థితికీ చాలా తేడా ఉంది. పలు విక్కన్ సంప్రదాయాల్లో దీక్షకు ముందు ఒక సంవత్సరం, ఒక రోజు పాటు అధ్యయనం చేయాలన్న ఆనవాయితీ ఉంది. మీరు ఒంటరిగా ఆచరిస్తున్నా సరే, ఈ గడువు మంచి కొలమానం. ఇంకా చదువుకుంటున్న దశలోనే ఉంటే "నేను విక్కన్‌ని" అని ప్రకటించుకోవలసిన పని లేదు. "విక్కా గురించి చదువుతున్నాను" అన్నదే నిజమైన మాట, అదే సురక్షితమైన మాట కూడా. రేపు మీ మనసు మారినా ఆ మాటను వెనక్కి తీసుకోవలసిన అవసరం రాదు.

చెప్పే ముందు ఈ కింది వాటిని ఒక్కొక్కటి రెండు వాక్యాల్లో, పుస్తకం చూడకుండా చెప్పగలరేమో పరీక్షించుకోండి.

- విక్కాలో ఎవరిని ఆరాధిస్తారు? సాధారణంగా ఒక దేవిని, ఒక దేవుణ్ణి ఆరాధిస్తారు. ఈ విషయంలో సంప్రదాయానికీ సంప్రదాయానికీ తేడాలున్నాయి.
- నీతి నియమం ఏమిటి? "ఎవరికీ హాని కలగనంతవరకు నీకు తోచినది చెయ్యి" అన్నది ఎక్కువమంది అంగీకరించే సూత్రం.
- పండుగలు ఎన్ని? సంవత్సర చక్రంలో ఎనిమిది. ఇవి కాక పౌర్ణమి రోజుల ఆచరణ ఉంటుంది.
- సైతానుతో సంబంధం ఉందా? లేదు. ఆ భావన విక్కా దైవవ్యవస్థలోనే లేదు.
- విచ్‌క్రాఫ్ట్ (సంకల్పంతో చేసే క్రతువుల ఆచరణ) చేసేవారందరూ విక్కన్లేనా? కాదు. ఏ మతంతోనూ సంబంధం లేకుండా దాన్ని ఆచరించేవారూ ఉన్నారు.

వీటిలో మూడింటి దగ్గర తడబడితే తరగతి గదిలో తప్పకుండా తడబడతారు. అక్కడ మీ తడబాటును ఎవరూ వినయమనుకోరు, దాపరికం అనుకుంటారు.

2. కారణాన్ని కాగితం మీద రాయండి

"నేను ఫలానావారికి చెప్పాలనుకుంటున్నాను, ఎందుకంటే..." అని మొదలుపెట్టి ఒక్క వాక్యం రాయండి. పౌర్ణమి నాడు రాసి, మళ్లీ పౌర్ణమి వరకు, అంటే సుమారు 29న్నర రోజుల పాటు, ఆ కాగితాన్ని పక్కన పెట్టండి. తర్వాత తీసి చదివినప్పుడు ఆ కారణం ఇంకా సబబుగానే అనిపిస్తే తర్వాతి అడుగుకు వెళ్లండి. ఇందులో మహిమేమీ లేదు. ఆవేశంలో పుట్టిన కారణాలు సాధారణంగా నెల రోజులు నిలబడవు, అంతే.

నిలబడే కారణాలు కొన్ని: దగ్గరి స్నేహితుల దగ్గర ప్రతిసారీ మాట మార్చవలసి రావడం మీకు భారంగా ఉంది, పండుగ రోజున సెలవు కావాలి, ఒక స్నేహితుడు నిజాయితీగా అడిగాడు, తరగతిలో విక్కా గురించి తప్పుడు మాటలు నడుస్తున్నాయి, వాటిని సరిచేయాలనిపిస్తోంది.

నిలబడనివి: ఎవరినైనా భయపెట్టాలని, అందరిలో ప్రత్యేకంగా కనిపించాలని, మతపరమైన వాదనలో గెలవాలని, గొడవ పడిన కోపంలో. "నాతో జాగ్రత్త" అన్న అర్థం వచ్చేలా ఒక్కసారి చెప్పినా, ఆ తర్వాత ఏళ్ల తరబడి మీ గురించి గుర్తుండేది ఆ ఒక్క మాటే.

3. ఇంటి పరిస్థితిని మొదట లెక్కలోకి తీసుకోండి

ఈ మార్గదర్శిలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే. తరగతిలో చెప్పిన మాట ఇంటికి చేరడానికి రెండంచెలు చాలు: మీ తోటి విద్యార్థి వాళ్లమ్మతో అంటాడు, ఆమె మీ అమ్మతో అంటుంది. మధ్యలో ఎవరికీ చెడు ఉద్దేశం ఉండనక్కర లేదు. "మీ అమ్మాయి ఏదో కొత్త మతం తీసుకుందట కదా" అని మామూలు కుశల ప్రశ్నలాగా అడిగినా విషయం బయటపడినట్టే.

అందువల్ల మీ ఇంట్లో ఇంకా తెలియకపోతే "మా ఇంట్లో ఈ సాయంత్రమే తెలిస్తే ఏమవుతుంది?" అన్న ప్రశ్నకు నిజాయితీగా జవాబు రాయండి. జవాబు "కాసేపు కోప్పడతారు, ప్రశ్నలు వేస్తారు" అన్న స్థాయిలో ఉంటే ముందు ఇంట్లో చెప్పి, ఆ తర్వాత తరగతి గురించి ఆలోచించడం మంచిది. వేరేవాళ్ల నోట వినడం కంటే మీ నోట వినడమే ఎప్పుడూ మేలు. జవాబు "చదువు మాన్పిస్తారు", "కొడతారు", "ఇంట్లోంచి పంపించేస్తారు" అన్న స్థాయిలో ఉంటే తరగతిలో ఎవరికీ చెప్పకండి. తిండి, నీడ, చదువు ఇంకొకరి చేతిలో ఉన్నంతకాలం ఆగడంలో పిరికితనం లేదు. ఇంట్లో ఇప్పటికే మీ మీద చేయి చేసుకుంటూ ఉంటే, ఆ విషయం మాత్రం దాచకుండా మీరు నమ్మే ఒక పెద్దవారికి గానీ, విద్యాసంస్థలోని కౌన్సెలర్‌కు గానీ చెప్పండి. అందుకు మీ మతం ప్రస్తావన తేవలసిన అవసరం లేదు.

సరిచూసుకోవలసినవి:

- ఇంట్లో ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు?
- నా తోబుట్టువులు ఇదే విద్యాసంస్థలో చదువుతున్నారా? ఎగతాళి వాళ్ల మీద కూడా పడుతుందా?
- నా తరగతిలోని విద్యార్థుల తల్లిదండ్రుల్లో ఎవరెవరికి మా ఇంటివారితో పరిచయం ఉంది?
- విషయం వికటిస్తే ఒక రాత్రి తలదాచుకోవడానికి చోటు ఉందా?

చివరి ప్రశ్నకు జవాబు ఆలోచించవలసి వస్తోందంటే, చెప్పాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు దొరికినట్టే.

4. తరగతి వాతావరణాన్నీ, నియమాలనూ పరిశీలించండి

ఒక వారం పాటు ఏమీ మాట్లాడకుండా గమనించండి. తక్కువ సంఖ్యలో ఉన్న మతాలవారి గురించి, ఏ మతమూ లేదనేవారి గురించి మీ తరగతిలో ఎలాంటి మాటలు వినిపిస్తున్నాయి? ఎవరైనా వెటకారం చేస్తే మిగిలినవారు నవ్వుతున్నారా, ఆపుతున్నారా? ఉపాధ్యాయులు విన్నా విననట్టు ఊరుకుంటున్నారా? వెటకారం చేసిన ఒక్కరి మాటకంటే చుట్టూ ఉన్న పదిమంది స్పందనే మీకు ఎక్కువ సంగతులు చెబుతుంది.

ఆ తర్వాత విద్యాసంస్థ నియమావళి తెచ్చుకుని మూడు విషయాలు వెతకండి: మెడలో ధరించే వస్తువుల మీద ఏమైనా నిషేధం ఉందా, మతపరమైన సెలవు ఎలా అడగాలి, వేధింపులపై ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి, అయితే దాని మీద అతిగా ఆశ పెట్టుకోకూడదు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోని 14వ అధికరణం పిల్లల మతస్వేచ్ఛను గౌరవించాలని చెబుతుంది. అదే అధికరణం పిల్లలకు దారి చూపే హక్కు, బాధ్యత తల్లిదండ్రులకు ఉన్నాయని కూడా అంటుంది. ఇంగ్లండ్‌లో 2010 నాటి సమానత్వ చట్టం మతాన్నీ విశ్వాసాన్నీ రక్షిస్తుంది. అమెరికాలో 1986లో ఒక ఫెడరల్ అప్పీళ్ల న్యాయస్థానం, ఒక ఖైదీ వేసిన కేసులో, విక్కా మతమేనని అంగీకరించింది. అయినా ఆ ఖైదీ అడిగిన పూజా వస్తువులను జైలు అధికారులు భద్రతా కారణాలతో నిరాకరించడాన్ని తప్పుపట్టలేదు. మతంగా గుర్తింపు ఉండటం వేరు, ఆ మతానికి చెందిన ప్రతి వస్తువునూ ఎక్కడికైనా తీసుకువెళ్లగలగడం వేరు. ఏ దేశంలోనైనా ప్రభుత్వ విద్యాసంస్థలకూ, మతసంస్థలు నడిపే ప్రైవేటు విద్యాసంస్థలకూ నియమాలు ఒకేలా ఉండకపోవచ్చు. మీది ఏ కోవకు చెందుతుందో ముందే తెలుసుకోండి.

ఇక్కడే ఒక గట్టి హెచ్చరిక. అథామే, అంటే క్రతువులో వాడే కత్తి, మొద్దుబారినదైనా సరే, బొమ్మలాగా చిన్నదైనా సరే, విద్యాసంస్థ గేటు దాటి లోపలికి తీసుకువెళ్లకండి. దాన్ని అక్కడ ఎవరూ పూజా వస్తువుగా చూడరు, ఆయుధంగానే చూస్తారు. కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, ధూపం విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

5. మొదట ఒక్కరిని ఎంచుకోండి

తరగతికి చెప్పడమంటే బల్ల ముందు నిలబడి అందరికీ ప్రకటించడం కాదు. ఒక్కరితో మొదలుపెట్టాలి. ఆ ఒక్కరు ఎవరన్నదాని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంటుంది.

నేను మొదటిసారి చెప్పింది పక్క బెంచీ స్నేహితురాలికి, భోజన విరామంలో. తను నన్ను ఆటపట్టించలేదు, తప్పుగా కూడా అనలేదు. "భలే ఉందే" అని ఇంకొకరికి సంబరంగా చెప్పింది. చివరి పీరియడ్ గంట కొట్టేసరికి ఎవరో బోర్డు మీద సుద్దముక్కతో పెద్ద నక్షత్రం గీసి "దీనికి దండం పెట్టు" అన్నారు. ఆ నక్షత్రానికి ఆరు కోణాలున్నాయి. మా గుర్తుకు ఉండేవి అయిదే అని చెప్పాలో, ఊరుకోవాలో తెలియక సంచీ సర్దుకుని బయటకు వచ్చేశాను. ద్రోహం చేసేవాళ్ల కంటే ఉత్సాహం ఆపుకోలేనివాళ్ల వల్లే రహస్యాలు ఎక్కువగా బయటపడతాయని అప్పుడు అర్థమయింది.

అందువల్ల ఒకరిని ఎంచుకునేటప్పుడు "వీరికి నేనంటే ఇష్టమేనా?" అన్న ప్రశ్న సరిపోదు. ఇంకొక ప్రశ్న కావాలి: "ఇతరుల రహస్యాలు వీరు నాకు ఎన్ని చెప్పారు?" రెండు మూడు చెప్పి ఉంటే, మీది కూడా ఇంకొకరికి చేరుతుందని ముందే అనుకోండి.

నిర్ణయానికి ముందు ఈ కొలమానాన్ని వాడండి: ఈ ఒక్కరికి చెబితే రేపటికి తరగతి మొత్తానికి తెలిసిపోతుంది అనుకుని, ఆ పరిస్థితిని మీరు తట్టుకోగలరా అని ఆలోచించండి. తట్టుకోగలను అనుకుంటేనే ఆ ఒక్కరికి చెప్పండి. ఎదుటివారిని శంకించమని కాదు, నష్టం ఎంతవరకు ఉండవచ్చో ముందే అంచనా వేసుకోమని.

పేరు చెప్పకుండా వాతావరణాన్ని పరీక్షించే మార్గం కూడా ఉంది. వార్తల్లో ఏదైనా చిన్న మతం ప్రస్తావన వచ్చినప్పుడు "ప్రకృతిని దైవంగా కొలిచే మతాలు కొన్ని ఉన్నాయట, నీకేమనిపిస్తుంది?" అని అడగండి. జవాబులోని అభిప్రాయం కంటే కుతూహలం ఎంత ఉందో గమనించండి. "అదేమిటి, ఎలా చేస్తారు?" అని అడిగినవారితో మున్ముందు మాట్లాడవచ్చు. "పిచ్చి" అని ఒక్క మాటలో తేల్చేసినవారిని వదిలేయండి.

6. ఎంతవరకు చెప్పాలో గీత గీసుకోండి

విషయాన్ని మెట్లుగా విడగొట్టుకోండి. మొదటి మెట్టు: "మతం నాకు వ్యక్తిగతం." రెండో మెట్టు: "ప్రకృతినీ రుతువులనూ గౌరవించే మార్గం నాది." మూడో మెట్టు: విక్కా అన్న పేరు. నాలుగో మెట్టు: మీరు ఇంట్లో ఏమేం చేస్తారన్న వివరాలు.

ఒక్కో మెట్టు దగ్గర ఆగి, ఎదుటివారి స్పందన చూసి, ఆ తర్వాతే పైకి వెళ్లాలి. చాలామందికి రెండో మెట్టుతోనే పని జరిగిపోతుంది. నాలుగో మెట్టు దాకా తరగతిలో ఎవరితోనైనా వెళ్లవలసిన అవసరం నాకైతే ఎప్పుడూ కనిపించలేదు.

ఈ కింది వాటిని ఏ మెట్టు మీదా చెప్పకండి: మీకు తెలిసిన ఇతర విక్కన్ల పేర్లు, కవెన్‌లో (కలిసి క్రతువులు చేసే విక్కన్ల బృందంలో) మీరు పెట్టుకున్న పేరు, ప్రమాణం చేసి తెలుసుకున్న విషయాలు, క్రతువులు జరిగే చోటు. మొదటిది మరీ ముఖ్యం. మీ విషయం చెప్పుకునే హక్కు మీకుంది, ఇంకొకరి విషయం చెప్పే హక్కు లేదు. "నీతోపాటు ఇంకెవరున్నారు?" అని అడిగితే "ఎవరి సంగతి వారే చెప్పుకోవాలి" అనండి, అంతటితో ఆపేయండి.

7. తెలుగులో మాట్లాడేటప్పుడు పదాల దగ్గర జాగ్రత్త

ఇంగ్లీషు పుస్తకాలు చదివి, ఆ పదాలను తెలుగులోకి మార్చి చెప్పబోయేవారికి అతి పెద్ద ప్రమాదం ఇక్కడే ఉంది. "విచ్" అన్న మాటను కొందరు విక్కన్లు గర్వంగా వాడుకుంటారు. దాన్ని "మంత్రగత్తె" అని తెలుగులో అన్న మరుక్షణం వినేవారి మనసులో మెదిలేది పూర్తిగా వేరే బొమ్మ. "స్పెల్" అన్న దాన్ని "చేతబడి" అని అనువదిస్తే ఇక సర్దిచెప్పడం మీ తరం కాదు. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల మీద దాడులు జరిగిన సంగతి తెలుగు చదివే ప్రతివారికీ తెలుసు కాబట్టి, ఆ మాట మీ పేరు పక్కన హాస్యానికి కూడా చేరకుండా చూసుకోవడం మంచిది.

నేను సూచించే వాడుక ఇది:

- "మంత్రగత్తె", "మంత్రగాడు" వద్దు. "విక్కన్" అనండి. కొత్త మాట కాబట్టి అర్థం చెప్పే అవకాశం మీకే ఉంటుంది.
- "చేతబడి", "క్షుద్రపూజ", "వశీకరణం" అన్న మాటలను ఎదుటివారు వాడినా మీరు తిరిగి అనకండి. "అవేవీ కాదు" అనడానికి కూడా వాటిని ఉచ్చరించకండి. "మాది ప్రార్థన లాంటిది" అని మీ మాటతోనే జవాబు చెప్పండి.
- "స్పెల్" గురించి చెప్పవలసి వస్తే "సంకల్పం చెప్పుకుని చేసే చిన్న క్రతువు" అనవచ్చు. సంకల్పం అన్న మాట అర్థమయ్యేవారికి ఇది వెంటనే అందుతుంది.
- ఆల్టర్‌ను "పూజాపీఠం" అనండి.
- "బుక్ ఆఫ్ షాడోస్"ను "నీడల పుస్తకం" అని మక్కికి మక్కి అనువదిస్తే ఏదో భయంకరమైన వస్తువులా వినిపిస్తుంది. "నా సాధన నోటు పుస్తకం" అంటే సరిపోతుంది, నిజానికి అది అదే.

చెప్పవలసిన విషయాన్ని అర నిమిషంలో పూర్తయ్యేలా ముందే తయారు చేసుకోండి. నమూనాగా: "నేను విక్కా అనే మతాన్ని పాటిస్తున్నాను. రుతువులు మారే రోజులనూ, పౌర్ణములనూ పండుగల్లాగా జరుపుకుంటాం. ఎవరికీ హాని చేయకూడదన్నది మా నియమం. నువ్వు నాకు దగ్గరి స్నేహితురాలివి కాబట్టి చెప్పాను, ఇది మనిద్దరి మధ్యే ఉండాలి." ఇందులో క్షమాపణ ధోరణి లేదు, గొప్పలూ లేవు. చివరి వాక్యాన్ని మాత్రం వదిలేయకండి. రహస్యమని చెప్పకపోతే అది రహస్యమని ఎదుటివారికి తెలిసే మార్గం లేదు.

8. చెప్పే రోజున పాటించవలసిన క్రమం

1. పరీక్షలు, గొడవలు, పుట్టినరోజులు లేని మామూలు రోజును ఎంచుకోండి. అక్టోబరు 31 (హాలోవీన్) చుట్టూ ఉన్న వారం వద్దు. అది మీకు సావెన్ పండుగే అయినా, చుట్టూ దయ్యాల వేషాలు తిరుగుతుంటే మీ మాటను కూడా వేషంగానే తీసుకుంటారు.
2. ముఖాముఖిగా చెప్పండి. సందేశం రాసి పంపితే అది తెరపట్టుగా (స్క్రీన్‌షాట్‌గా) మారడానికి రెండు క్షణాలు చాలు, ఆ తర్వాత ఏళ్ల తరబడి తిరుగుతుంది.
3. మాట వినిపించనంత దూరంలో ఇతరులు ఉన్న చోటును ఎంచుకోండి. మూసిన గది వద్దు. నడుస్తూ మాట్లాడటం మంచిది. ఇద్దరికీ ఒకరి ముఖం ఒకరు చూస్తూ కూర్చోవలసిన ఇబ్బంది ఉండదు.
4. తయారు చేసుకున్న నాలుగు వాక్యాలు చెప్పి ఆపండి. నిశ్శబ్దాన్ని నింపడానికి వివరాలు పోయకండి.
5. ప్రశ్నలకు జవాబు చెప్పండి. తెలియని దానికి "చదివి చెబుతాను" అనండి.
6. పావుగంట దాటకుండా విషయం మార్చండి. హోమ్‌వర్క్ గురించి మాట్లాడండి, ఆటల గురించి మాట్లాడండి. మీరు నిన్నటి మనిషే అన్న సంగతి ఎదుటివారికి దానితోనే తెలుస్తుంది.

ఆ తర్వాత రెండు వారాల పాటు ఇంకెవరికీ చెప్పకండి. మాట బయటకు రాకపోతే మీ ఎంపిక సరైనదని తేలుతుంది, రెండో వ్యక్తి గురించి అప్పుడు ఆలోచించవచ్చు.

9. తప్పకుండా వచ్చే ప్రశ్నలు

"సైతానును పూజిస్తారా?" "లేదు, మా నమ్మకంలో అతనికి చోటే లేదు." ఇంతకంటే పొడవుగా చెబితే సంజాయిషీలా వినిపిస్తుంది.

"ఆ నక్షత్రం ఏమిటి?" "అయిదు కోణాలు గాలి, నిప్పు, నీరు, నేల, ఆత్మ. చుట్టూ ఉన్న వలయం వాటిని కలుపుతుంది."

"ఇది నిజమైన మతమేనా, సినిమా చూసి మొదలుపెట్టావా?" ఇందులో వెటకారం ఉన్నా జవాబు నెమ్మదిగానే ఇవ్వండి. ఇంగ్లండ్‌లో 20వ శతాబ్దం మధ్యకాలంలో వెలుగులోకి వచ్చిన మతమనీ, అమెరికాలో 2007 నుంచి సైనికుల సమాధి రాళ్ల మీద ఈ నక్షత్ర చిహ్నాన్ని ప్రభుత్వమే అనుమతిస్తోందనీ చెప్పవచ్చు. వేల ఏళ్ల నాటి మతమని గొప్పకు పోకండి, అది నిలబడే వాదన కాదు. ఎవరైనా వెతికి చూస్తే మీ మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది.

"నాకు మార్కులు వచ్చేలా చెయ్యవా?", "వాడు నన్ను ఇష్టపడేలా చెయ్యవా?" ఈ రెండూ నవ్వుతూ అడిగినా ఒప్పుకోకండి. "ఇతరుల కోసం నేనేమీ చెయ్యను" అన్నది మీ శాశ్వత జవాబు కావాలి. ఒక్కసారి సరదాగా ఒప్పుకుంటే, ఆ తర్వాత ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరు పరీక్ష తప్పినా మీ వైపు చూస్తారు.

"నన్ను శపిస్తావా?" ఇక్కడ పరాచికానికి కూడా "ఏమో" అనకండి. చాలాచోట్ల అలాంటి మాటను బెదిరింపు కింద లెక్కిస్తారు. ఫిర్యాదు రాసేటప్పుడు మీ నవ్వును ఎవరూ రాయరు.

10. జరిగే పొరపాట్లు, సర్దుకునే మార్గాలు

*గొలుసు బయటపడింది.* చొక్కా లోపల దాచుకున్న లాకెట్, ఆటల పీరియడ్‌లో బూటు లేసు కట్టుకోవడానికి వంగినప్పుడు కాలరు సందులోంచి జారి అందరి ముందూ వేలాడుతుంది. కంగారుపడి గుప్పిట్లో దాచుకుంటే అనుమానం పెరుగుతుంది. నిదానంగా లోపల వేసుకుని, ఎవరైనా అడిగితే "నాకు ఇష్టమైన గుర్తు" అనండి. ఇంకా ఎవరికీ చెప్పదలచుకోని వారు ఆటలున్న రోజున లాకెట్ ఇంట్లో పెట్టి రావడం ఉత్తమం.

*నోటు పుస్తకం ఎవరి చేతికో చిక్కింది.* అసలు దాన్ని సంచీలో తీసుకువెళ్లడమే పొరపాటు. దొరికాక మాత్రం గుంజుకోవద్దు. "అది నా సొంత పుస్తకం, ఇచ్చెయ్" అని సాక్షుల ముందు అడగండి. ఇవ్వకపోతే ఉపాధ్యాయుడికి చెప్పండి. లోపల ఏముందో వివరించకుండానే, నా వస్తువు తీసుకున్నారు అని ఫిర్యాదు చేయవచ్చు.

*చెప్పినవారు బయటపెట్టారు.* ముందు వారితో ఒంటరిగా మాట్లాడండి. "ఎవరెవరికి చెప్పావు?" అన్నది మొదటి ప్రశ్న కావాలి, "ఎందుకు చెప్పావు?" అన్నది తర్వాత. ఎంతవరకు పాకిందో తెలిస్తేనే తర్వాతి అడుగు తెలుస్తుంది. ఇంటికి చేరే అవకాశం ఉంటే ఆ రోజే ఇంట్లో మీరే చెప్పాలా అన్నది మూడో భాగంలోని జవాబులను బట్టి నిర్ణయించుకోండి. నేరుగా అడిగిన తోటివారి దగ్గర బొంకకండి. "అవును, అయితే దాని గురించి ఇక్కడ మాట్లాడను" అన్నది చాలు. రెండు వారాల్లో చాలామందికి ఆసక్తి పోతుంది.

*ఎగతాళి వేధింపుగా మారింది.* ప్రతి సంఘటనకూ తేదీ, సమయం, చోటు, అన్న మాట, చూసినవారి పేర్లు అదే రోజు రాసి పెట్టుకోండి. సందేశాలు తుడిచేయకండి. మూడు నాలుగు సంఘటనలు కాగానే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. కొట్టడం, బెదిరించడం లాంటివి జరిగితే మూడు నాలుగు దాకా ఆగకండి, మొదటి రోజే చెప్పండి. ఫిర్యాదులో విక్కా గురించి వ్యాసం రాయవద్దు. "నా మత విశ్వాసం కారణంగా" అన్న నాలుగు మాటలు చాలు, మిగతాదంతా జరిగిన సంగతులే ఉండాలి.

*మీరే ఎక్కువ మాట్లాడారు.* కొత్తగా చెప్పుకున్న సంతోషంలో ప్రతి సంభాషణనూ విక్కా వైపు తిప్పడం ఒక దశలో అందరూ చేసేదే. విసుగు ముఖాల్లో కనిపించగానే ఆపేయండి. అడిగితేనే చెప్పడం అన్న నియమం పెట్టుకుంటే ఒక నెలలో సర్దుకుంటుంది.

11. చెప్పకూడదని నిర్ణయించుకుంటే

అది కూడా పూర్తి స్థాయి నిర్ణయమే కాబట్టి దానికీ ఏర్పాట్లు కావాలి. "నీ మతం ఏమిటి?" అన్న ప్రశ్నకు "ఆ విషయం నేను బయట మాట్లాడను" అన్న వాక్యాన్ని మామూలు గొంతుతో చెప్పడం సాధన చేయండి. అబద్ధం అల్లకండి. అల్లినదాన్ని ఏడాది పొడవునా గుర్తుపెట్టుకోవడం నిజం దాచడం కంటే కష్టం.

పండుగలను ఎవరికీ తెలియకుండా జరుపుకోవడం కష్టమేమీ కాదు. ఉత్తరార్ధగోళంలో యూల్ డిసెంబరు 21 ప్రాంతంలో, ఇంబోల్క్ ఫిబ్రవరి 1న, బెల్టేన్ మే 1న, లామాస్ ఆగస్టు 1న వస్తాయి. దక్షిణార్ధగోళంలో రుతువులు తారుమారు కాబట్టి అక్కడివారిలో చాలామంది వీటిని ఆరు నెలల తేడాతో జరుపుకుంటారు. పాఠం అయ్యాక కిటికీ దగ్గర రెండు నిమిషాలు నిలబడి మనసులో ప్రార్థించుకున్నా ఆచరణే. సెలవు కావాలంటే తల్లిదండ్రుల సంతకంతో "కుటుంబ కారణం" అని కాక, వారికి తెలిసి ఉంటే "మతపరమైన పండుగ" అని రాయించండి. ఏ మతమో తరగతి ముందు చదవవద్దని కార్యాలయంలో కోరవచ్చు.

తరగతిలో చెప్పుకోలేనివారు తోడు కోసం ఇంటర్నెట్‌లో వెతకడం సహజం. ఇక్కడ ఒక్క విషయం తప్పక చెప్పాలి. బాధ్యత గల కవెన్లు సాధారణంగా 18 ఏళ్లు నిండనివారిని తల్లిదండ్రుల అనుమతి లేకుండా చేర్చుకోవు. మీ వయసు తెలిసి కూడా ఒంటరిగా కలవమనేవారు, దీక్ష పేరుతో బట్టలు విప్పమనేవారు, ఫోటోలు అడిగేవారు, "ఇంట్లో చెప్పకు" అనేవారు గురువులు కారు. సంభాషణ ఆపేసి, సందేశాలు దాచి, నమ్మకమైన పెద్దవారికి వెంటనే చూపించండి. ఆ ఒక్క సందర్భంలో మాత్రం మీ విక్కా సంగతి బయటపడుతుందేమోనన్న భయాన్ని పక్కన పెట్టండి.

నిర్ణయాన్ని ప్రతి విద్యా సంవత్సరం మొదట్లో ఒకసారి తిరిగి చూసుకోండి. తరగతి మారుతుంది, స్నేహితులు మారతారు, ఇంటి పరిస్థితి కూడా మారవచ్చు. రెండో భాగంలో రాసిన కాగితం పారేయకుండా ఉంచుకున్నవారికి అప్పుడు పని సులువవుతుంది. దాని కిందే కొత్త తేదీ వేసి, మళ్లీ ఒక వాక్యం రాయండి.